కింది రంగు ఎవరిది?

(జిల్లా కేంద్ర గ్రంథాలయంలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసిన సభలో ఒక జర్నలిస్టు మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



కరపత్రంల నా పేరు పక్కన ‘జాతీయ జెండా - చరిత్ర’ అని పెద్ద మాట వేసిండ్రు. నేను చరిత్రకారున్ని కాను. పత్రికల పనిచేసేటోన్ని. ఉద్యమంల జెండాలు మోసినోన్ని. జెండా కర్ర బరువు ఎంతుంటదో నా భుజానికి తెలుసు గానీ, జాతీయ జెండా మీది రంగుల సంగతి చాన ఏండ్ల దాకా నాకు తెల్వదు. తెల్వకపోవుడు ఒక ఎత్తు, తప్పు తెలిసి ఉండుడు ఇంకో ఎత్తు. నాకు తప్పు తెలిసి ఉండె. అదెట్లనో ముందు చెప్తా.

ఐదో తరగతిల ఉన్నప్పుడు ఆగస్టు పదిహేనుకు మా బళ్లె ఉపన్యాస పోటీ పెట్టిండ్రు. కాషాయం హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది, నడుమ తెలుపు క్రైస్తవులది, ముగ్గురూ కలిసుండాలని మన జెండా చెప్తదని గడగడ అప్పజెప్పిన. సార్లు చప్పట్లు కొట్టిండ్రు. మొదటి బహుమతి కింద స్టీలు గిలాస ఇచ్చిండ్రు. అది ఇప్పటికీ మా ఇంట్ల ఉన్నది, మా అమ్మ అండ్లనే చాయ్ తాగుతది.

సభ అయిపోయినంక బూంది పొట్లాలు పంచుతున్నరు. నా పక్కన కూర్చునే దూదేకులోళ్ల పిలగాడు మెల్లగ అడిగిండు. ‘అయితే మాది కిందనారా?’

జెండా దిక్కు చూసిన. పైన కాషాయమే ఉన్నది, కింద ఆకుపచ్చనే ఉన్నది. ‘ఆ, కిందనే’ అన్న. వాడు ఇంకేం అనలేదు. బూంది తినుకుంట ఇంటికి పోయిండు.

ఇరవై ఏండ్ల తర్వాత పత్రిక పని మీద పాత పుస్తకాలు, రాజ్యాంగ సభ చర్చలు చదవాల్సి వచ్చినప్పుడు ఆ మాట మళ్లీ యాదికొచ్చింది. నేను చెప్పింది తప్పు అని అప్పుడు తెలిసింది. ఉట్టి తప్పు కాదు. పెద్ద పెద్ద నాయకులు పదేండ్లు కొట్లాడి, కమిటీలు వేసుకొని, తీర్మానం చేసి మరీ తీసేసిన అర్థాన్ని నేను మళ్లీ తెచ్చి జెండాకు అతికించి గిలాస గెలుచుకున్న. ఇయ్యాల నేను చెప్పబోయేది ఆ పిలగానికి ఆ రోజు చెప్పాల్సిన జవాబు.

మొట్టమొదటి సంగతి. మన జెండా ఒక్కరోజుల, ఒక్క చేతుల పుట్టలేదు. బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా స్వదేశీ ఉద్యమం నడుస్తున్న కాలంలో, 1906 ఆగస్టు 7న కలకత్తా పార్సీ బగాన్ మైదానంలో మూడు పట్టీల జెండా ఒకటి ఎగరేశారు. తామరపూలు, సూర్యుడు, నెలవంక, నడుమ పసుపు పట్టీ మీద వందేమాతరం అక్షరాలు. మరుసటి ఏడు 1907 ఆగస్టులో మేడం భికాజీ కామా జర్మనీ దేశం స్టుట్‌గార్ట్‌లో జరిగిన సోషలిస్టుల అంతర్జాతీయ మహాసభలో అలాంటి జెండానే విప్పి చూపించింది. ఒక పార్సీ మహిళ, పరాయి దేశంలో, ఇంకా లేని దేశానికి జెండా పట్టుకొని నిలబడ్డది. 1917లో హోంరూల్ ఉద్యమపు జెండా వచ్చింది. అయిదు ఎర్ర పట్టీలు, నాలుగు ఆకుపచ్చ పట్టీలు, సప్తర్షి నక్షత్రాలు. మూలకు బ్రిటిష్ వాళ్ల యూనియన్ జాక్ కూడా ఉండె! అప్పటి డిమాండే అంత మరి. సామ్రాజ్యం లోపలనే స్వపరిపాలన అడుగుతున్నారు, జెండా కూడా అంతే అడిగింది. జెండాను చూస్తే ఆనాటి ఉద్యమం ఎంతదాకా అడగదలుచుకున్నదో తెలిసిపోతది. జెండాలు మోసిన మనకు ఈ మాట వివరించి చెప్పే పనిలేదు.

ఇగ పింగళి వెంకయ్య దగ్గరికి వద్దాం. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన మనిషి. బోయర్ యుద్ధంలో సిపాయిగా దక్షిణాఫ్రికా పోయి, అక్కడ గాంధీని కలిశాడు. వజ్రాల గురించి తెలుసు, పత్తి గురించి తెలుసు, జపనీస్ భాష నేర్చుకున్నాడు. పత్తి వెంకయ్య అని, డైమండ్ వెంకయ్య అని, జపాన్ వెంకయ్య అని పేర్లు పడ్డాయి. ఈ దేశానికి ఒక జెండా కావాలన్న ధ్యాస మాత్రం ఎన్నడూ వదల్లేదు. 1916లోనే ముప్పై దాకా నమూనాలు గీసి పుస్తకం అచ్చేశాడు.

ఈ పేరు చెప్పంగనే మన మిత్రులు కొందరు ‘ఆయన కోస్తా మనిషి కదా అన్నా’ అంటరు. అయితే ఏంది? కొట్లాట కొట్లాటే, చేసినోనికి పేరు ఇచ్చుడు ఇచ్చుడే. ఇంకో దిక్కు ‘జాతీయ జెండా మొత్తం ఆయనే తయారుచేసిండు’ అని బల్లగుద్ది చెప్పేటోళ్లూ ఉన్నరు. అదీ సరికాదు. ఆయన వేసిన పునాది మీద చాలామంది చేతులు పడ్డాయి. పునాది మాత్రం ఆయనదే. ఆఖరి రోజులు ఇబ్బందులతోనే గడిపి 1963లో కన్నుమూశాడు. తపాలా బిళ్ల వెయ్యడానికి దేశానికి 2009 దాకా తీరిక దొరకలేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. జెండా నడుమ చరఖా ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా ఉండేటట్టు గీసియ్యమని గాంధీ వెంకయ్యను అడిగారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. ఆయన గీసిచ్చాడు గానీ, కమిటీ ముందు పెట్టే వేళకు అందలేదు. ఆలస్యమైనందుకు గాంధీ సంతోషపడ్డారు. ఎందుకంటే ఆ తర్వాత ఆలోచిస్తే ఆయనకే తట్టింది, ఈ దేశంలో రెండు మతాలే ఉన్నాయా అని. మిగిలిన వాళ్లందరి కోసం తెలుపు చేర్చారు. ఇదంతా 1921 ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో ఆయనే రాసుకున్నారు.

అంటే నేను ఐదో తరగతిల చెప్పింది గాలిలోంచి ఊడిపడ్డది కాదు. ఒకనాడు ఆ అర్థం నిజంగనే ఉండె. కానీ మిత్రులారా, ఆ జెండాలో ఏ రంగు ఎక్కడుందో ఒక్కసారి చూడండి. పైన తెలుపు. నడుమ ఆకుపచ్చ. అన్నిటికంటే కింద ఎరుపు! బల్గేరియా దేశం జెండా చూసినోళ్లకు ఆ వరుస తెలుసు, అచ్చం అట్లనే. జనం తక్కువున్న వాళ్లు పైన, ఎక్కువున్న వాళ్లు కింద. గాంధీ చెప్పిన కారణమేమంటే, బలమున్నోడు బలం లేనోనికి కాపుగా నిలబడాలె. మన పల్లెభాషల చెప్పాల్నంటే, బరువు మోసేటోడు కిందనే ఉంటడు. బోనం ఎత్తుకున్న తల్లి కిందుంటది, బోనం పైనుంటది. కింద ఉండుడంటే తక్కువయ్యుడు కాదు.

ఆ పిలగాడు అడిగిన మాటకు మొదటి జవాబు ఇదే. రంగులకు మతం అర్థం ఉన్న రోజుల్లో ఆకుపచ్చ కింద లేదు. కిందికి వచ్చిననాటికి దానికి మతం అర్థం లేదు. నేను రెండు కాలాల జెండాలను కలిపి కుట్టిన.

చరఖా జెండాను కాంగ్రెస్ అప్పట్లో లాంఛనంగా ఆమోదించలేదు గానీ జనం ఆమోదించారు. 1923లో జబల్‌పూర్, నాగపూర్‌లలో జెండా సత్యాగ్రహం జరిగింది. తెల్లదొరలు ఉండే సివిల్ లైన్స్ వీధుల్లోంచి జెండా పట్టుకొని నడుస్తామని జనం, నడవొద్దని సర్కారు. దేశం నలుమూలల నుంచి రోజుకు కొంతమంది చొప్పున వచ్చి జెండా పట్టుకొని అరెస్టయ్యేవాళ్లు. జమ్నాలాల్ బజాజ్ జైలుకు పోయినంక వల్లభ్‌భాయ్ పటేల్ వచ్చి నడిపించారు. ఒక గుడ్డ పట్టుకొని రోడ్డు మీద నడిచినందుకు వందల మంది జైలు పాలయ్యారు.

అయితే జెండా ఎంత ఎత్తుకు పోతే రంగుల తగాదా అంత పెరిగింది. రంగులు మతాలకు గుర్తులైతే మా రంగేది అని సిక్కులు అడిగారు. మాది పసుపు, అది చేర్చండి, లేదంటే అందరి మతం రంగులూ తీసెయ్యండి అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నది. ఎన్ని మతాలుంటే అన్ని పట్టీలు కుట్టుకుంట పోతే అది జెండా ఎట్లయితది, బొంత అయితది!

1931 ఏప్రిల్‌లో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఏడుగురితో జెండా కమిటీ వేసింది. పటేల్, నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, డాక్టర్ హార్డీకర్, కన్వీనర్‌గా మన పట్టాభి సీతారామయ్య. ఆయనదీ బందరే. రంగుల మీద మీకున్న అభ్యంతరాలు చెప్పమని దేశమంతా ప్రశ్నలు పంపించారు. జవాబులు చూసుకొని కమిటీ ఏం చెప్పిందో తెలుసా? మొత్తం జెండా ఒకటే రంగు, కేసరి. పై మూలకు చరఖా. ఆజాద్, తారాసింగ్ ఇద్దరూ ఉన్న కమిటీ ఇది. ఆ రంగు ఒక మతానిదని వాళ్లు అనుకోలేదు.

అయినా ఆగస్టులో బొంబాయిలో కూర్చున్న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆ నివేదికను ఒప్పుకోలేదు. మూడు రంగులే ఉంచి, వరుస మార్చింది. ఎరుపు పోయి కేసరి వచ్చింది, పైకి పోయింది. తెలుపు నడుమకు వచ్చింది, దాని మీద నీలి చరఖా. ఆకుపచ్చ కిందికి వచ్చింది. ఆ తీర్మానంలోనే రాసుకున్నారు, ఈ రంగులకు మతంతో సంబంధం లేదు. కేసరి ధైర్యానికి, త్యాగానికి. తెలుపు శాంతికి, సత్యానికి. ఆకుపచ్చ విశ్వాసానికి, వీరధర్మానికి. చరఖా పేద జనం ఆశకు. 1931 ఆగస్టు 30ని జెండా పండుగగా జరపాలన్నారు.

పదేండ్ల కిందట తానే చెప్పిన అర్థాన్ని గాంధీ సహా అందరూ తీసేసుకున్నారు. తప్పు జరిగిందనిపిస్తే జెండానే మార్చుకున్న ఉద్యమం అది. నా లెక్కన ఈ మొత్తం కథలో చెప్పుకోదగ్గ రోజు ఇదే. ఏ క్యాలెండర్‌లనూ దీనికి ఎర్ర అంకె లేదు, బళ్లల్ల చెప్పరు.

ఇంకో చిన్న సంగతి. మనం తెలుగులో ‘కాషాయం’ అని అంటున్నాం. తీర్మానాల్లో ఉన్న మాట కేసరి, అంటే కుంకుమపువ్వు రంగు. కాషాయం అంటే సన్న్యాసులు కట్టే, కషాయంలో ముంచి అద్దిన బట్ట రంగు. రెండూ దగ్గరదగ్గరగనే కనిపిస్తయి గానీ మాట మారితే మనసులో బొమ్మ మారుతది. టెక్స్ట్‌బుక్కులు రాసేటోళ్లు పదం కాడ జర ఆగి ఆలోచిస్తే బాగుండు.

1947కు వద్దాం. జూన్‌లో రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన జెండా కోసం కమిటీ వేశారు. ఆజాద్, రాజాజీ, సరోజినీ నాయుడు, అంబేద్కర్ వంటి వాళ్లు సభ్యులు. జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ తీర్మానం పెట్టారు. ముదురు కేసరి, తెలుపు, ముదురాకుపచ్చ సమానంగా. తెలుపు నడుమ నీలి చక్రం, సారనాథ్ అశోక స్తంభం మీద ఉన్న చక్రం మాదిరిగా. వెడల్పు, పొడవు రెండు, మూడు పాళ్లు. చరఖా తీసి చక్రం ఎందుకు పెట్టారని మీరు అడగవచ్చు. నెహ్రూ చెప్పిన కారణం చాలా మామూలుది. చరఖాకు ఒకవైపు చక్రం, ఇంకోవైపు కదురు. జెండాను రెండో పక్క నుంచి చూస్తే తిరగబడి కనిపిస్తది. చక్రమైతే ఎటు చూసినా చక్రమే. ఆ చక్రం చరఖాకే గుర్తు అని తీర్మానంలోనే రాశారు. గాంధీకి మాత్రం మనసు కష్టమైంది. చరఖా లేని జెండాకు తాను వందనం చెయ్యనని ఆ రోజుల్లోనే అన్నారు. దేశం గెలిచిన రోజుల్లో ఆ ముసలాయన ఎంత ఒంటరిగ ఉన్నడో దీన్నిబట్టి తెలుస్తది.

ఆకులు ఇరవై నాలుగు కాబట్టి రోజుకు ఇరవై నాలుగు గంటలని కొందరు, ఇరవై నాలుగు సద్గుణాలని కొందరు బోర్డులు రాస్తరు. తీర్మానంలో అటువంటిదేదీ లేదు. సారనాథ్ చక్రానికి ఇరవై నాలుగు ఆకులున్నాయి, అందుకే మన చక్రానికీ ఇరవై నాలుగు.

రంగులకు మతం అర్థం లేదని నెహ్రూ ఆ సభలో మళ్లీ చెప్పారు. ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ లేచి ఒక్కో రంగుకు అర్థం చెప్పారు. ఇప్పటికీ ప్రభుత్వ జెండా నియమావళి ఉదహరించేది ఆ ప్రసంగాన్నే. కేసరి అంటే త్యాగం, అదీ ముఖ్యంగా నాయకులకు. పదవిలో ఉన్నోళ్లు సొంత లాభం చూసుకోవద్దని. తెలుపు అంటే వెలుగు, సత్యమార్గం. ఆకుపచ్చ అంటే నేలతో మన సంబంధం, సమస్త జీవులకు ఆధారమైన చెట్టూ చేమా. చక్రం అంటే ధర్మం, కదలిక. కదలనిది చచ్చినట్టే లెక్క.

పంట కిందనే ఉంటది కదా మిత్రులారా! ఇది రాధాకృష్ణన్ అన్న మాట కాదు, నా మాట. వరిమడి పైన ఉండదు.

ఆ రోజు సభలో మాట్లాడిన వాళ్ల జాబితా చూస్తే ఒళ్లు పులకరిస్తది. ముస్లింలీగ్ నాయకుడు చౌధరి ఖలీకుజ్జమాన్ లేచి జెండాను బలపరిచారు. ఆదివాసీల తరఫున జైపాల్ సింగ్ మాట్లాడారు. జెండా ఎగరెయ్యడం నాగరికులకే తెలుసని మీరనుకుంటున్నారేమో, జెండాలు ముందు ఎత్తింది, జెండాల కోసం ముందు కొట్లాడింది ఆదివాసీలే, మా వైపు ఊరూరికీ ఒక జెండా ఉంటుందన్న అర్థంలో చెప్పారు. మేడారం జాతర చూసినోళ్లకు ఆ మాట చెప్పాల్సిన పనిలేదు. చిట్టచివర మాట్లాడింది సరోజినీ నాయుడు, మన హైదరాబాద్‌లో పుట్టిన ఆడబిడ్డ. సభ మొత్తం లేచి నిలబడి తీర్మానం ఆమోదించింది.

ఇదంతా చదివినంక ఆ దూదేకులోళ్ల పిలగానికి ఫోన్ చేసిన. ఇప్పుడు పిలగాడేంది, నాకన్న ముందే నెత్తి నెరిసింది. గల్ఫ్‌ల డ్రైవర్‌గ చేస్తున్నడు. తెల్లది పైనుండె, ఎర్రది కిందుండె అని మొత్తం కథ చెప్పిన. నవ్విండు. ‘గిప్పుడు చెప్తున్నవా? మొన్న నా బిడ్డ బళ్లె నుంచి వచ్చి ఫోన్‌ల అదే అడిగింది, అబ్బా మన రంగు కిందనా అని’ అన్నడు. ‘మరి నువ్వేం చెప్పినవు’ అన్న. ‘ఏం చెప్త, నువ్వు నాకు చెప్పిందే చెప్పిన’ అన్నడు.

మిత్రులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నది అందుకే.

ఢిల్లీలో ఆ తీర్మానం అయిననాడు మన దగ్గర పరిస్థితి ఏంది? ఇక్కడ ఎగిరేది వేరే జెండా. ఆసఫ్‌జాహీల జెండా పసుపు పచ్చగ, నడుమ తెల్లటి గుండ్రటి గుర్తు. దాన్ని కుల్చా అంటరు, అంటే రొట్టె. మొదటి నిజాముకు ఒక సూఫీ గురువు పసుపు గుడ్డలో కుల్చాలు పెట్టి ఇచ్చిండని, ఈయన ఏడు తిన్నడని, ఏడు తరాలు ఏలుతవని గురువు దీవించిండని కథ చెప్తరు. నిజమో కాదో పక్కన పెట్టండి, కథ మాత్రం మంచిది. ఆకలైనోనికి పెట్టిన రొట్టె జెండా మీదికెక్కింది. కానీ ఆ జెండా కింద రైతుకు రొట్టె దొరకలేదు, వెట్టి దొరికింది. ఎర్రజెండా లేచింది అందుకే. ఆ కథ ఇంకో రోజు చెప్పుకుందాం, ఒక్క పూటతోని ఒడిసేది కాదు.

మూడు రంగుల జెండా ఎగరేసుడు ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చుకునే పని. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జెండా ఎగరేసినందుకు రజాకార్లు దాడి చేశారు. వాళ్లకు ఎదురు నిలిచిన బత్తిని మొగిలయ్య గౌడ్‌ను చంపేశారు. అప్పటి జెండాలో ఇంకా చరఖానే ఉంది. ఏడాది తిరిగేసరికి, 1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ ఇండియన్ యూనియన్‌లో చేరాలని ఉద్యమం మొదలుపెట్టింది. ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. ఇక్కడ ఎగరెయ్యొద్దని సర్కారు నిషేధం పెట్టింది. స్వామి రామానంద తీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. సెప్టెంబర్ 2న పరకాలలో జెండా పండుగకు చుట్టుపక్కల ఊర్ల జనం ఊరేగింపుగా వస్తే పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పద్దెనిమిది రోజులకు, ఆ దేశం జెండా పట్టుకున్నందుకు! పరకాలలో ఇప్పుడు అమరధామం ఉంది. అటు పోయినోళ్లు ఒకసారి ఆగి చూసి రాండ్రి.

ఈ కథను హిందువులు, ముస్లింల కొట్లాటగ చెప్పేటోళ్లు చానమంది ఉన్నరు. వాళ్లకు ఒక్క పేరు చెప్పండి. షోయబుల్లా ఖాన్. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రాత్రిపూట ఇంటికి పోతుంటే దాడి చేసి, రాసిన చెయ్యి నరికి చంపారు. ఇంకో నెలకు ఇక్కడ జెండా మారింది. ఆయన చూడలేదు. మా వృత్తిలో ఉన్నోళ్లం ఆ పేరు యాది చేసుకోకుంట జెండా గురించి మాట్లాడకూడదు. ఏ రంగు ఎవరిదని ఆయనను ఎవరైనా అడుగుతే ఏమనేటోడో.

ఇగ గుడ్డ సంగతి చెప్పి ముగిస్తా. రంగుల గురించి ఇన్ని మాటలు మాట్లాడుకుంటున్నాం గానీ, జెండా అంటే ముందు గుడ్డ. చాలాకాలం అది ఖద్దరే అయి ఉండాలన్నది నియమం. కర్ణాటకలో హుబ్లీ పక్కన బెంగేరిలో ఖాదీ సంఘం ఒకటి ఉన్నది. ప్రమాణాల సంస్థ ముద్రతో జెండాలు కుట్టే చోటు. నూలు ఎన్ని పోగులుండాలె, రంగు ఎంత గట్టిగ నిలవాలె, చక్రం రెండు వైపులా ఒక్కతీరుగ పడాలె అని అన్నిటికీ కొలతలుంటయి. తొమ్మిది సైజులు. పెద్దది 6300, 4200 మిల్లీమీటర్లు, చిన్నది 150, 100. పనిచేసేటోళ్లల్ల ఎక్కువ మంది ఆడవాళ్లే. 2021 డిసెంబర్ 30న నియమావళి సవరించి పాలిస్టర్‌కు, మిషన్ మీద చేసిన జెండాకు కూడా అనుమతి ఇచ్చారు. 2022 ఆగస్టులో ఇంటింటికీ జెండా పంచుడు చూసినం. జెండా చవక అయింది, అందరికీ అందింది, అది మంచిదే. కానీ వడికే చేతి గుర్తుగ చక్రం పెట్టుకొని, ఆ చెయ్యి అక్కర లేకుంట చేసుడు నాకైతే మింగుడు పడలేదు. సిరిసిల్ల మరమగ్గాలోళ్లు ‘మాకు నాలుగు ఆర్డర్లు వస్తే నీకేం బాధ’ అనొచ్చు. వాళ్లతోని వాదించే మొఖం నాకు లేదు.

ఒకటి మాత్రం మర్చిపోకండి. 2002 దాకా మామూలు పౌరుడు తన ఇంటి మీద ఏ రోజంటే ఆ రోజు జెండా ఎగరేసుకునే వీలు లేదు. ఆ ఏడు జనవరి 26న కొత్త నియమావళి వచ్చింది. 2004 జనవరిలో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు, గౌరవంగ జెండా ఎగరేసుకునుడు భావప్రకటన హక్కుల భాగమని తేల్చింది. స్వాతంత్ర్యం వచ్చిన యాభై ఆరేండ్లకు!

విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక పని అప్పజెప్తున్న. మీమీ ఊర్ల బడికి పోండ్రి. గోడ మీద, చార్టు మీద జెండా రంగులకు ఏం అర్థం రాసి ఉన్నదో చూడుండ్రి. మతాల పేర్లు రాసి ఉంటే హెడ్మాస్టర్‌ను గౌరవంగ అడిగి మార్పించుండ్రి. కొట్లాట వద్దు, తీర్మానం తేదీలు చెప్తే చాలు. 1931 ఆగస్టు, 1947 జులై 22. ర్యాలీలల్ల జెండా నిలువుగ కడితే, ఎదురుంగ చూసేటోళ్లకు కేసరి ఎడమ దిక్కు రావాలె. మన సభలల్లనే చాన సార్లు తారుమారు కట్టినం.

నేను తెచ్చుకున్న కాయితాలు అయిపోయినయి. చాయ్ వచ్చేలోపు ప్రశ్నలుంటే అడుగుండ్రి, వెనుక కూర్చున్న చెల్లె అప్పటిసంది చెయ్యెత్తుతున్నది.